పగులు కంటపడక ముందే



1988 ఏప్రిల్ 28న హవాయి దీవుల్లో హీలో నుంచి హొనొలులు వెళ్తున్న అలోహా ఎయిర్‌లైన్స్ బోయింగ్ 737 విమానానికి 24,000 అడుగుల ఎత్తున పైకప్పు ఊడిపోయింది. ముందు తలుపుకు వెనకగా సుమారు 18 అడుగుల పొడవున అల్యూమినియం రేకు ఒక్కసారిగా చిరిగి గాలికి ఎగిరిపోయింది. దానితోపాటు విమాన సిబ్బందిలో ఒకామె కొట్టుకుపోయి ప్రాణాలు కోల్పోయారు. కప్పు లేని విమానాన్ని పైలట్లు ఎలాగో మావీ దీవిలో దింపగలిగారు. అమెరికా జాతీయ రవాణా భద్రతా మండలి దర్యాప్తు చేస్తే తేలిన సంగతి ఇది. పంతొమ్మిదేళ్ల ఆ విమానం దీవి నుంచి దీవికి చిన్న చిన్న ప్రయాణాలు చేస్తూ 89,680 సార్లు ఎగిరి దిగింది. పైకి వెళ్లినప్పుడల్లా లోపలి గాలి ఒత్తిడికి విమానం ఒళ్లు కొద్దిగా ఉబ్బుతుంది, దిగినప్పుడల్లా సర్దుకుంటుంది. రేకు మీద రేకు వేసి జిగురుతో అతికి, రివెట్లు కొట్టిన చోట ఏళ్లు గడిచేసరికి జిగురు పట్టు వదిలింది, తుప్పు చేరింది. అతుకు మోయాల్సిన బరువంతా రివెట్ల రంధ్రాల అంచుల మీద పడి, అక్కడక్కడా సన్నని పగుళ్లు పుట్టాయి. ఏ పగులూ ఒంటరిగా కప్పును లేపేసేటంత పెద్దది కాదు. పక్కపక్కనున్నవి ఒకదానిలోకి ఒకటి పాకి ఒకే గీతగా మారిన రోజున రేకు చిరిగింది. దర్యాప్తు నివేదికలో మరో వివరం ఉంది. విమానం ఎక్కుతూ ఒక ప్రయాణికురాలు తలుపు దగ్గర రేకు మీద పొడుగాటి పగులు చూశారు. ఎవరికీ చెప్పలేదు.

ఆమెను తప్పుపట్టి లాభం లేదు. పగులు దారినపోయే మనిషి కంటికి ఆనేటంత పెరిగిందంటే, దాన్ని పట్టుకోవాల్సిన సమయం ఎప్పుడో దాటిపోయిందన్నమాట. అసలు ఆలోచించాల్సింది అంతకుముందు జరిగిన తనిఖీల గురించి. విమానం వీపు మీద బారులు తీరిన రివెట్లను ఎక్కువగా రాత్రివేళల్లో, ఎత్తుమీద తాళ్లు కట్టుకుని, లైటు పట్టుకుని, వరస తర్వాత వరస చూసుకుంటూ పోవడం మనిషికి ఎంత కష్టమో ఆ నివేదికే ప్రస్తావించింది. ఇలాంటిదే 2021లో ఒక వంతెన విషయంలో జరిగింది. అమెరికాలో మెంఫిస్ దగ్గర మిసిసిపీ నది మీదున్న హెర్నాండో డి సోటో వంతెనలో, ఉక్కు ప్లేట్లు వెల్డ్ చేసి కట్టిన ఒక ప్రధాన దూలం దాదాపు తెగే దశకు వచ్చిందని ఆ ఏడాది మే నెలలో కనిపెట్టి రాకపోకలు ఆపేశారు. పాత ఫొటోలు, డ్రోన్ వీడియోలు వెతికితే ఆ పగులు అంతకు కొన్నేళ్ల ముందు నుంచే వాటిలో కనబడుతోంది. తనిఖీలు సాగుతూనే ఉన్నాయి, పగులు మాత్రం లెక్కలోకి రాలేదు. చూసే కన్ను అలిసిపోతుంది, రంగు కింద ఉన్నది దానికి కనబడదు, అతుకు లోపలి పొర అసలే కనబడదు. అందుకని నేను ఈ ప్రసంగంలో చెప్పదలచింది ఇది: రేకులతో, ప్లేట్లతో కట్టిన వాటికి కంటి తనిఖీ ఒక్కటే చాలదు, ధ్వని తరంగాలతో వాటిని వినాలి. ఆ వినడం కూడా జబ్బు చేశాక మొదలుపెట్టేది కాదు, కట్టడం ఆరోగ్యంగా ఉన్న మొదటి రోజునే మొదలవ్వాలి. ఈ రెండో మాటకే నేను ఎక్కువ బరువిస్తాను.

లోహాన్ని తట్టి వినడం కొత్త విద్య కాదు. రైల్వే స్టేషన్లో బండి ఆగినప్పుడు సుత్తి పట్టుకుని చక్రం చక్రం తట్టుకుంటూ పోయే ఉద్యోగిని పాతతరం వాళ్లంతా చూసినవాళ్లే. ఖంగుమంటే చక్రం బాగున్నట్టు, మొద్దుగా మోగితే అనుమానించాల్సినట్టు. ఆ తర్వాత మన చెవికి అందని అతిధ్వని వచ్చింది. మన రైల్వేల్లో పట్టాల మీద చిన్న ట్రాలీ నడిపిస్తూ పట్టా లోపలికి అతిధ్వని పంపి, లోపలి పగుళ్లను పట్టే పరీక్ష చాలాకాలంగా మామూలు పనే. ఓడల ఒంటి ప్లేటు మందం కూడా అతిధ్వనితోనే కొలుస్తారు. ఓడను డాక్‌లో ఎక్కించి, రంగు గీకి, తుప్పు తుడిచి, ఆ చోట కాస్త జెల్లీ రాసి, బొటనవేలంత ప్రోబును నొక్కిపట్టగానే పరికరం మీద మందం మిల్లీమీటర్లలో పడుతుంది. సుద్దముక్కతో ఆ అంకె అక్కడే రాసి, ఇంకో చోటికి జరుగుతారు. నమ్మదగ్గ పద్ధతే. చిక్కల్లా, ప్రోబు పెట్టిన చోటు గురించి తప్ప అది మరేమీ చెప్పదు. సుద్ద గుర్తుకూ సుద్ద గుర్తుకూ నడుమ అరచేతంత మేర తుప్పు తినేసి ఉన్నా ఆ రెండు అంకెలూ బాగానే ఉంటాయి. వందల చదరపు మీటర్ల ప్లేటును బొటనవేలంత జాగాల లెక్కన పరీక్షించడం ఎవరివల్లా కాదు.

ఈ ఇబ్బందికి దారి చూపింది ఒక గణితశాస్త్రవేత్త. మాంచెస్టర్‌లో ఆచార్యుడుగా ఉన్న హొరేస్ లాంబ్, 1917లో రాయల్ సొసైటీకి సమర్పించిన పత్రంలో, సాగే గుణమున్న పలుచని ప్లేటులో తరంగాలు ఎలా నడుస్తాయో సమీకరణాలు రాశారు. ప్లేటుకు పైతలం, కింది తలం రెండూ దగ్గరదగ్గరగా ఉంటాయి. లోపలికి పంపిన ధ్వని ఆ రెండు తలాల మధ్య తగిలి తగిలి, చివరికి ప్లేటు మందమంతా ఒక్కటిగా కదిలే అలగా తయారవుతుంది. అది బయటికి పోలేక ప్లేటు వెంబడే దూరాలు సాగిపోతుంది. వీటినే ఇప్పుడు లాంబ్ తరంగాలంటున్నారు. వీటిలో రెండు జాతులున్నాయి. ఒకదానిలో ప్లేటు రెండు ముఖాలూ ఎదురెదురుగా కదిలి, ప్లేటు సాగుతూ ముడుచుకుంటూ ఉంటుంది. రెండోదానిలో రెండు ముఖాలూ ఒకేవైపు కదిలి, ప్లేటు వంగుతూ లేస్తూ ఉంటుంది. లాంబ్ కాగితం మీద చూపించిన వీటిని ప్రయోగంలో స్పష్టంగా పట్టుకోవడానికి నాలుగు దశాబ్దాలకు పైగా పట్టింది. అమెరికాలో హాన్‌ఫోర్డ్ అణు కేంద్రంలో వర్ల్‌టన్ అనే పరిశోధకుడు 1961లో అల్యూమినియం, జిర్కోనియం ప్లేట్లలో వీటిని నిరూపించారు. అణు ఇంధనాన్ని పొదిగే పలుచని లోహపు తొడుగుల్లో లోపాలు కనిపెట్టాల్సిన అవసరమే ఆ రంగాన్ని అటు నడిపించింది. మన హైదరాబాదులో 1971లో ఏర్పడిన న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్‌లో తయారయ్యే జిర్కోనియం మిశ్రమలోహపు గొట్టాలకు కూడా అతిధ్వని పరీక్ష తప్పనిసరి. పలుచని లోహం పగిలితే ఏమవుతుందో బాగా తెలిసిన పరిశ్రమ కాబట్టే ధ్వనిని అంత పట్టుగా పట్టుకుంది.

ఈ అల వేగం కొంచెం తెలిస్తే మిగతాది సులువుగా అర్థమవుతుంది. గాలిలో ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది. పలుచని అల్యూమినియం రేకులో సాగి ముడుచుకునే రకం అల సుమారు 5,400 మీటర్లు పోతుంది. అంటే మీటరు దూరం దాటడానికి దానికి 200 మైక్రోసెకన్లు కూడా పట్టదు. మైక్రోసెకనంటే సెకనులో పది లక్షల వంతు. వంగి లేచే రకం అలది నెమ్మది నడక. పైగా దాని వేగం స్థిరంగా ఉండదు, పౌనఃపున్యాన్ని, అంటే సెకనుకు ఎన్ని కంపనాలన్నదాన్ని బట్టీ, రేకు మందాన్ని బట్టీ మారుతుంది. అందుకే ఒక పొట్టి గుక్కలా పంపిన ధ్వని దూరం పోయేకొద్దీ చెదిరిపోతుంది. జాతర నుంచి ఒక్కసారే బయలుదేరిన జనంలో కుర్రకారు ముందు చేరి, పెద్దవాళ్లు వెనకపడి, ఊరి పొలిమేరకు వచ్చేసరికి గుంపు అరమైలు పొడుగు సాగినట్టు, ఆ గుక్కలోని రకరకాల అలలు వెనకా ముందూ అయిపోతాయి. వినేవాడికి ఏది ముందొచ్చిందో, ఏది ఎక్కడ తగిలి వచ్చిందో తేల్చుకోవడం కష్టమవుతుంది. ఇంజనీరు నేర్పంతా అలను ఎంచుకోవడంలోనే ఉంది. రెండు మిల్లీమీటర్ల అల్యూమినియం రేకులో సెకనుకు రెండు లక్షల కంపనాల ధ్వని పంపితే, సాగే రకం అల పొడవు సుమారు 27 మిల్లీమీటర్లుంటుంది, వంగే రకానిది 8, 9 మిల్లీమీటర్లే ఉంటుంది. అల ఎంత పొట్టిదైతే అంత చిన్న పగులుకు తగిలి వెనక్కి మళ్లుతుంది. కానీ పొట్టి అలలు త్వరగా నీరసించిపోతాయి. ఎంత దూరం వినాలి, ఎంత చిన్నది వినాలి అన్న రెండిటి మధ్య బేరం ఎప్పుడూ తప్పదు.

పని జరిగే తీరు ఇలా ఉంటుంది. రూపాయి బిళ్లంత, దానికన్నా పలుచని పింగాణీ బిళ్లలను రేకుకు జిగురుతో అతికిస్తారు. ఒత్తిడి తగిలితే విద్యుత్తు పుట్టడం, విద్యుత్తు ఇస్తే కదలడం వాటి గుణం. ఈ గుణాన్ని స్ఫటికాల్లో మొదట గమనించింది 1880లో ఫ్రాన్స్‌కు చెందిన క్యూరీ సోదరులు, జాక్, పియరీ. ఒక బిళ్లకు విద్యుత్తు ఇవ్వగానే అది అదిరి రేకులోకి అలను వదులుతుంది. చుట్టూ ఉన్న మిగతా బిళ్లలు ఆ అల తమను చేరిన తీరును నమోదు చేస్తాయి. తర్వాత రెండోది మాట్లాడుతుంది, మిగతావి వింటాయి. ఇలా వంతులవారీగా ఒక చుట్టు పూర్తయ్యేసరికి రేకంతా అడ్డదిడ్డంగా దారులు గీసినట్టవుతుంది. ఏ దారిలో అల తగ్గింది, ఎక్కడినుంచి కొత్త ప్రతిధ్వని వచ్చింది, అది ఎన్ని మైక్రోసెకన్లు ఆలస్యంగా చేరింది అన్న లెక్కలు కలిపితే పగులు ఉన్న జాగా తెలుస్తుంది. ఇక్కడ ఒక ముఖ్యమైన సంగతి ఉంది. అసలు రేకులో ప్రతిధ్వని ఇవ్వనిదేముంది? అంచు ఇస్తుంది, ప్రతి రివెట్టూ ఇస్తుంది, వెనక అతికిన ప్రతి పట్టీ ఇస్తుంది. ఈ సందడిలో పగులు చప్పుడు సన్నని గొంతు. ఏమీ కానప్పుడు అదే రేకు, అవే బిళ్లలతో ఎలా పలికిందో దగ్గరుంటే, ఆ పాత నమోదును ఇవాళ్టి నమోదు నుంచి తీసేయగానే రివెట్లూ అంచులూ రద్దయి, కొత్తగా వచ్చింది మిగులుతుంది. ఈ పద్ధతికి ప్రాణం ఆ తీసివేతలో ఉంది. అందుకే తొలి నమోదు లేని కట్టడానికి తర్వాత ఎంత ఖరీదైన పరికరం తెచ్చినా సగం చెవిటితనం తప్పదు.

దీనికి గట్టి అభ్యంతరం ఉష్ణోగ్రత. ఇది నిజమైన అభ్యంతరం, తీసిపారేయదగ్గది కాదు. లోహం వేడెక్కితే కొద్దిగా మెత్తబడుతుంది, కొద్దిగా వ్యాకోచిస్తుంది, దాంతో అల నిదానిస్తుంది. పది డిగ్రీలు పెరిగితే అల్యూమినియం రేకులో మీటరు దూరానికి సుమారు అర మైక్రోసెకను ఆలస్యం వస్తుంది. వినడానికి అదేమంత అనిపించదు. కానీ సెకనుకు రెండు లక్షల సార్లు ఊగే అలలో ఒక్కో ఊపు కాలం ఐదు మైక్రోసెకన్లే. అందులో పదోవంతు జరిగితే తీసివేత సరిపడదు. పగులు ఇచ్చే చిన్న ప్రతిధ్వనికన్నా పెద్ద అబద్ధం మిగులుతుంది. తెల్లవారుజామున తీసిన నమోదును మన మే నెల మిట్టమధ్యాహ్నపు నమోదుతో పోలిస్తే బాగున్న ప్లేటు కూడా పగిలినట్టే చూపిస్తుంది. దీనికి పరిశోధకులు రెండు మందులు కనిపెట్టారు. ఒకటి, చలిలో, ఎండలో, వానలో, రకరకాల వేళల్లో ఆరోగ్యపు నమోదులు బోలెడు తీసి ఉంచుకుని, ఇవాళ్టి వేడికి దగ్గరగా ఉన్నదాన్నే ఎంచుకోవడం. రెండోది, నమోదును కాలంలో కాస్త సాగదీసో కుదించో సరిపెట్టడం. రెండూ కలిపి వాడితే ఫలితం బాగుంటుంది. ఈ రెండు మందులకూ కావలసింది మాత్రం ఒకటే, కట్టడం కొత్తగా ఉన్నప్పుడే ఏడాది పొడవునా తీసిన నమోదులు. కాబట్టి ఉష్ణోగ్రత అభ్యంతరం నా వాదాన్ని బలహీనపరచదు, ముందే మొదలుపెట్టాలన్న మాటను ఇంకా బలపరుస్తుంది.

సెన్సర్లుగా పనిచేసే ఆ బిళ్లలే ముందు చెడిపోతాయి కదా, అప్పుడు చెడింది ప్లేటా బిళ్లా ఎలా తెలుస్తుందని అడిగేవాళ్లున్నారు. పింగాణీ పెళుసు, జిగురు ముసలిదవుతుంది, అది నిజం. అయితే ఆ బిళ్ల విద్యుత్ గుణాన్ని విడిగా కొలిస్తే అది పగిలిందో, ఊడిందో తెలిసిపోతుంది, ప్రతి చుట్టు ముందూ ఆ కొలత తీసుకోవచ్చు. ఖర్చు సంగతి వేరు. వంతెనలో ప్రతి చదరపు మీటరుకీ బిళ్లలు అతికించమని ఎవరూ అనరు. పగుళ్లు ఎక్కడ పుడతాయో ఇంజనీర్లకు చాలావరకు తెలుసు. వెల్డింగు అంచుల్లో, రివెట్ల బారుల్లో, దూలాలు కలిసే ప్లేట్ల దగ్గర పెడితే చాలు. పైగా ఇది ప్రయోగశాలలో మిగిలిపోయిన ముచ్చట కాదు. ప్లేటును చుట్టి గొట్టం చేస్తే ఇవే తరంగాలు దాని వెంటా నడుస్తాయి. లండన్ ఇంపీరియల్ కాలేజీలో పీటర్ కాలీ, డేవిడ్ ఆలీన్ 1990లలో ఈ విద్యను పైపులకు మలిచారు. పైపు చుట్టూ ఒక పట్టా బిగించి, అక్కడినుంచే అటూ ఇటూ పదుల మీటర్ల మేర, పైనున్న వేడి కాచే తొడుగు విప్పకుండానే, తుప్పు తిన్న చోట్లు గుర్తించే పరికరాలు ఇప్పుడు చమురు పరిశ్రమలో మామూలు. మన దగ్గర మద్రాసు ఐఐటీలో వస్తువును చెడగొట్టకుండా పరీక్షించే నాన్ డిస్ట్రక్టివ్ ఇవాల్యుయేషన్ కేంద్రం ఈ తరంగాల మీద చాలాకాలంగా పనిచేస్తోంది. ఇక పొరలు పొరలుగా అతికి చేసే కాంపోజిట్‌ల సంగతి. బోయింగ్ 787 విమానం బరువులో సుమారు సగం కార్బన్ ఫైబర్ పొరలదే. దాని మీద ఒక పానా జారిపడిందనుకోండి, పైన గీత కూడా పడకపోవచ్చు, లోపల పొరలు ఒకదాన్నుంచి ఒకటి విడిపోయి ఉంటాయి. కంటికి అక్కడ పనే లేదు. అందుకే మెకానిక్‌లు ఇప్పటికీ అలాంటి చోట నాణెంతో తట్టి చెవి పెడతారు. ఆ చెవికి అంకెల జ్ఞాపకం జోడించమనే నేను అడుగుతున్నాను.

ఈ తరంగాలు వినలేనివీ ఉన్నాయి, అవి దాచిపెడితే వాదన నిలబడదు. బరువు తగ్గగానే అంచులు కరుచుకుని మూసుకుపోయే సన్నని పగులు గుండా అల ఏమీ ఎరగనట్టు దాటిపోగలదు. అటువంటి పగులు అల తాకిడికి తెరుచుకుని మూసుకుంటూ పంపిన దానికి రెట్టింపు పౌనఃపున్యంలో ఒక సన్న ధ్వని పుట్టిస్తుంది. దాన్ని వెతికే పద్ధతులు ఉన్నాయి గానీ అవి సున్నితం, పరికరాల సొంత రొదలో ఇట్టే కలిసిపోతాయి. కాబట్టి బరువున్న వేళ, లారీ వంతెన మీదున్నప్పుడు వినడం మేలు. ఇంకా పెద్ద పరిమితి ఒకటుంది. 2007 ఆగస్టు 1న మినియాపొలిస్‌లో మిసిసిపీ మీది రహదారి వంతెన కూలి 13 మంది చనిపోయారు. దూలాలను కలిపే ఉక్కు ప్లేట్లు కొన్నిటిని 1960లలో డిజైన్ చేసినప్పుడే ఉండాల్సిన మందంలో సుమారు సగానికే, అరంగుళానికే లెక్కగట్టారని దర్యాప్తులో తేలింది. అది పగులు కాదు, తుప్పూ కాదు, పుట్టుకతో వచ్చిన తప్పు. తొలిరోజు నమోదుతో పోల్చితే ఆ ప్లేటు చాలాకాలం బాగున్నట్టే పలికేది. ధ్వని మార్పును మాత్రమే చెబుతుంది, మొదటినుంచీ ఉన్న తప్పును చెప్పదు. ఇక్కడ అక్కరకొచ్చేది లెక్కలు తిరగేసే ఇంజనీరూ, కంటి తనిఖీలే. కూలడానికి నాలుగేళ్ల ముందు తీసిన ఫొటోల్లో ఆ ప్లేట్లు వంకరపోయి కనిపిస్తున్నాయి. ఈ ఉదాహరణ చూపించి ధ్వని పరీక్ష దండగ అనేవాళ్లకు నేను చెప్పేది, ఒక్కో జబ్బుకు ఒక్కో పరీక్ష ఉంటుంది, ఎముక విరిగిన సంగతి రక్తపరీక్షలో తెలియలేదని రక్తపరీక్ష మానుకోం కదా.

మరి ఇప్పటికే పాతబడినవి, తొలి నమోదు లేనివి ఏం చేయాలి? మన తీరం వెంట విశాఖపట్నం వంటి చోట్ల ఉన్న పెట్రోలియం ట్యాంకులనే తీసుకుందాం. ట్యాంకు అడుగున పరిచిన ఉక్కు ప్లేట్లను తుప్పు కిందినుంచి, నేలవైపునుంచి తింటుంది. ఉప్పు, తేమ ఉన్న నేలలో ఈ బాధ ఎక్కువ. అది చూడాలంటే ట్యాంకు ఖాళీ చేసి, ఆవిర్లు పోగొట్టి, కడిగి, మనుషులను లోపలికి దింపాలి. ఖర్చుతోపాటు ప్రమాదమూ ఉన్న పని. ట్యాంకు గోడ కింద బయటికి చొచ్చుకొచ్చిన ప్లేటు అంచునుంచి లోపలికి అలలు పంపడం ఒక మార్గం. వంగే రకం అల పైనున్న నూనెలోకి, కిందున్న ఇసుకలోకి త్వరగా కారిపోతుంది, సాగే రకం అంతకన్నా దూరం పోతుంది, అయినా పెద్ద ట్యాంకు నడిబొడ్డు దాకా పోతుందని హామీ లేదు. ఇంకో మార్గం మనం ఏమీ పంపకుండా ఊరికే వినడం. లోహంలో పగులు పెరిగినప్పుడు, తుప్పు పొర చిట్లినప్పుడు దానంతటదే సన్నగా శబ్దం చేస్తుంది. 1950లో మ్యూనిక్‌లో జోసెఫ్ కైజర్ అనే పరిశోధకుడు ఒక వింత గుణం గమనించారు. లోహం అంతకుముందు మోసిన బరువును దాటేదాకా మౌనంగా ఉంటుంది, దాటగానే పలకడం మొదలుపెడుతుంది. పాత బరువుకే మళ్లీ పలికిందంటే లోపల ఏదో జరుగుతోందని అనుమానించవచ్చు. ఈ రెండు పద్ధతులూ పాతవాటికి పనికొస్తాయి. వాటితోపాటు ఇవాళే ఒక నమోదు తీసి పెట్టుకోవడం మేలు. అది ఆరోగ్యపు నమోదు కాకపోవచ్చు, ఉన్న గాయం అందులో దాగి ఉండవచ్చు, కానీ ఈ రోజునుంచి ఆ గాయం పెరుగుతోందా లేదా అన్నది చెబుతుంది. అలోహా విమానంలో ప్రాణం తీసింది పగుళ్లు ఉండడం కాదు, అవి పెరిగి కలవడం.

కొత్త కట్టడాల విషయంలో నాకు కనిపించే అసలు చిక్కు ధ్వనిశాస్త్రంలో లేదు, కాగితాల దగ్గర ఉంది. ఉక్కు వంతెన వందేళ్లు నిలబడాలని కడతాం. దాన్ని తొలిరోజు విన్న పరికరం పదిహేనేళ్లకు మూలపడుతుంది, దాని సాఫ్ట్‌వేరు అంతకంటే ముందే మారిపోతుంది, కాంట్రాక్టు గడువు ముగిశాక దాన్ని అమర్చిన సంస్థ తన దారిన పోతుంది. అప్పటి నమోదు ఎవరి కంప్యూటర్లోనో ఎవరూ తెరవలేని ఫైలుగా మిగిలితే, యాభై ఏళ్ల తర్వాత ఆ వంతెన మళ్లీ తొలి నమోదు లేని వంతెనే. అందుకని బిళ్లలు ఎక్కడెక్కడ అతికించారో కొలతలతో, ఏ పౌనఃపున్యం పంపారో, ఆ వేళ ప్లేటు ఎంత వేడిగా ఉందో, పైన ఎంత బరువుందో, అలల అంకెలు అసలు రూపంలో, ఏ కంపెనీ సాఫ్ట్‌వేరూ లేకుండా చదవగలిగేలా, ఇవన్నీ వంతెన డ్రాయింగులతోపాటే వంతెన యజమాని అయిన శాఖకు అప్పజెప్పాలని, అప్పజెప్పేదాకా చివరి బిల్లు చెల్లించరాదని టెండరులోనే షరతు రాయాలి.